మూడో రోజు వణుకు.. అది పిచ్చి కాదు

కొత్త వీసా మీద మనిషి దిగుతాడు. మొదటి రోజు బాగానే ఉంటాడు. రెండో రోజు అన్నం సయించదు, నిద్ర పట్టదు, టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది, ఏసీ గదిలో కూడా చెమటలు పడతాయి. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు. బయట ఎవరో పేరు పెట్టి పిలుస్తున్నారని తలుపు తీసుకుని పరుగెత్తబోతాడు. కొందరికి ఫిట్సు కూడా వస్తాయి. సౌదీ లేబర్ క్యాంపుల్లో నాలుగేళ్ళు గడిపిన తెలుగువాళ్ళు ఇలాంటి మనిషిని ఒక్కణ్ణయినా చూసే ఉంటారు.

చూసినప్పుడు తలా ఒక మాట అంటారు. ఇంటి మీద బెంగ అని ఒకరు, గాలి సోకిందని ఇంకొకరు, పని తప్పించుకోవడానికి నాటకమని ఫోర్‌మన్. కంపెనీ వాళ్ళయితే 'మెంటల్ కేసు' అని తేల్చేసి తిరుగు టికెట్టు తీస్తారు. ఏజెంటుకు అప్పు చేసి కట్టిన మనిషి నెల తిరక్కుండానే ఊళ్ళో దిగుతాడు. అప్పు అలాగే ఉంటుంది, పైన 'పిచ్చోడు' అన్న పేరు కూడా వస్తుంది.

వీళ్ళలో కొందరికి వచ్చింది పిచ్చి కాదు. ఊళ్ళో రోజూ తాగిన కల్లో, సారానో, వేసుకున్న మాత్రలో ఒక్కసారిగా ఆగిపోవడంతో శరీరం తిరగబడింది. దీనికి వైద్యం ఉంది. టైముకు ఆస్పత్రికి చేరిస్తే చాలామంది కొద్ది రోజుల్లో తేరుకుంటారు. గదిలో పెట్టి గడియ వేస్తే మాత్రం ప్రాణం పోయే ప్రమాదం ఉంది. మత్తు గురించి మన పేపర్లలో వచ్చేదంతా పట్టివేతల వార్తలే. మానేసేటప్పుడు ఏమవుతుందో, సౌదీలో చికిత్స ఎక్కడ ఉందో, అడిగితే పోలీసులు పట్టుకుంటారా లేదా అన్నది రాసేవాళ్ళు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

ఒక్కడికే లాక్‌డౌన్

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, మెదక్, మహబూబ్‌నగర్ వైపు వాళ్ళకు 'మందు కల్లు' గురించి నేను చెప్పక్కర్లేదు. చెట్టు నుంచి దించిన కల్లు ఊరందరికీ ఎక్కడ సరిపోతుంది? చెట్లు తగ్గాయి, తాగేవాళ్ళు పెరిగారు. అందుకని కొన్ని దుకాణాల్లో నీళ్ళు, శాక్రిన్ కలిపి, మత్తు రావడానికి డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి పొడులు వేస్తారు. డైజీపామ్, అల్ప్రాజోలం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులు. ఆందోళనకో నిద్రకో ఒక మాత్ర రాయడానికే డాక్టరు ఆలోచిస్తాడు. ఇక్కడ దాన్నే కొలత లేకుండా సీసాలో కలిపి సాయంత్రం సాయంత్రం తాగిస్తున్నారు. తాగేవాడు కల్లు తాగుతున్నాననుకుంటాడు. నిజానికి వాడికి అలవాటయ్యేది మాత్ర.

ఆ సీసా దొరకని రోజు ఏమవుతుందో తెలంగాణ ఒకసారి కాదు, రెండుసార్లు చూసింది. 2015 సెప్టెంబరులో ఎక్సైజు శాఖ కల్తీ మీద విరుచుకుపడ్డప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వణుకుతో, ఫిట్సుతో, వింత మాటలతో ఆస్పత్రుల్లో చేరారు. మంచాలు చాలక నేల మీద పడుకోబెట్టారు. మళ్ళీ 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం దుకాణాలన్నీ ఒకేసారి మూతపడ్డాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు ఇలాంటి రోగులే క్యూ కట్టారు. 2025 జూలైలో కూకట్‌పల్లిలో జరిగింది వేరే రకం. అక్కడ కల్తీ కల్లు తాగినందుకే పలువురు చనిపోయారు. తాగినా ప్రమాదమే, తాగుతూ తాగుతూ హఠాత్తుగా ఆపినా ప్రమాదమే.

ఇప్పుడు మన సంగతి చూడండి. వీసా వచ్చేదాకా ఊళ్ళో ఖాళీగా ఉంటాం. రోజూ సాయంత్రం దోస్తులు, దుకాణం. వెళ్ళిపోతున్నాడని దావత్‌లు. చివరి వారం ఇంకా ఎక్కువ. తెల్లారితే శంషాబాద్‌లో విమానం. దమ్మాంలోనో రియాద్‌లోనో దిగాక చుక్క దొరకదు. దేశానికి పెట్టిన లాక్‌డౌన్ లాంటిదే ఆ ఒక్క మనిషికి పెట్టినట్టు. ఊళ్ళో అయితే అమ్మ ఉంటుంది, ఆర్‌ఎంపీ డాక్టరు ఉంటాడు. ఇక్కడ పన్నెండు మంచాల గది, తెల్లవారుజామున నాలుగు గంటలకు బస్సు.

మా సైట్‌లో ఒక కుర్రాడికి ఇలాగే అయింది. కామారెడ్డి వైపు వాడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. మూడో రోజు రాత్రి కూర్చోలేడు, పడుకోలేడు. సూట్‌కేసులో పాము ఉందంటాడు. గదిలో వాళ్ళు భయపడి నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికే జగిత్యాల మేస్త్రీ ఒకాయన పక్కన కూర్చుని నెమ్మదిగా అడుగుతున్నాడు.

"తమ్మీ, ఊళ్ళె కల్లు తాగెటోనివా?"

"తాగెటోణ్ణే అన్నా. దినాం."

"ఎన్ని సీసలు?"

"నాలుగు. అయిదు."

"ఆఖరుకు ఎప్పుడు తాగినవ్?"

"విమానం ఎక్కే ముందటి రోజు."

ఆ మేస్త్రీ చదువుకున్నది ఏడో తరగతి. కానీ డాక్టరు అడగాల్సిన మూడు ప్రశ్నలూ ఆయనే అడిగేశాడు. 2015లో తన సొంత బావమరిదిని ఇదే స్థితిలో చూశాడట. అర్ధరాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాం. అక్కడ కేరళ నర్సు హిందీలో విని డాక్టరుకు చెప్పింది. ఆరు రోజులు ఉంచుకున్నారు. ఆ కుర్రాడు ఇప్పటికీ సౌదీలోనే స్టీల్ ఫిక్సర్‌గా చేస్తున్నాడు.

సెంట్రింగ్ ఒక్కసారిగా లాగేస్తే

ఎందుకిలా అవుతుంది? మన పని భాషలోనే చెప్పుకుందాం. శ్లాబ్ పోశాక కింద జాకీలు ఎందుకు ఉంచుతాం? కాంక్రీటు తన బరువు తాను మోసే బలం వచ్చేదాకా. తొందరపడి మర్నాడే అన్నీ లాగేస్తే శ్లాబ్ కూలుతుంది. మెదడుకు కూడా ఒక బ్రేకు, ఒక యాక్సిలరేటరు ఉంటాయి. సారా, అల్ప్రాజోలం, డైజీపామ్ అన్నీ ఆ బ్రేకును నొక్కేవే. నెలల తరబడి బయటి నుంచి బ్రేకు పడుతుంటే మెదడు తన సొంత బ్రేకును సడలించి, యాక్సిలరేటరును పెంచుకుంటుంది. ఒక్కసారిగా ఆ బయటి బ్రేకు తీసేస్తే మిగిలేది యాక్సిలరేటరే. గుండె దడ, చెమట, వణుకు, నిద్ర లేకపోవడం, ఫిట్సు, లేనివి కనబడటం అన్నీ దాని ఫలితాలే.

మద్యం మానినవాళ్ళకు వణుకు మొదటి రోజే మొదలవుతుంది. ఫిట్సు ఎక్కువగా రెండు రోజుల లోపే వస్తాయి. మతి తప్పి, జ్వరం పట్టి, మనుషుల్ని గుర్తుపట్టని స్థితి రెండు నుంచి నాలుగు రోజుల మధ్య వస్తుంది. అదే అన్నిటికంటే ప్రమాదం. అల్ప్రాజోలం త్వరగా ఒంట్లోంచి పోతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. డైజీపామ్ అయితే నెమ్మదిగా దిగుతుంది, అయిదో రోజో వారానికో మొదలవ్వచ్చు. కాబట్టి వచ్చి వారమైంది, ఇంకేం కాదులే అనుకోవడానికి లేదు.

ఆస్పత్రిలో చేసేదీ జాకీల పద్ధతే. లెక్క ప్రకారం అదే జాతి మందు ఇచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ తీసేస్తారు. తాగుబోతులకు థయామిన్ అనే బి1 విటమిన్ సూదిమందు కూడా ఇస్తారు. అది లేకపోతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే జబ్బు రావచ్చు. ఈ పని మనం గదిలో చెయ్యలేం. 'ఇంకో గ్లాసు పోస్తే తగ్గుతుంది' అని ఎక్కడినుంచో తెచ్చి పోసేవాళ్ళుంటారు. అది చికిత్స కాదు, పైగా ఇక్కడ జైలు.

ఇంకొక సంగతి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్లకు. కొత్తవాళ్ళను మొదటి వారమే స్కాఫోల్డింగ్ ఎక్కించకండి. హార్నెస్ కట్టుకున్నా సరే. నిద్ర లేని మనిషి, చేతులు వణికే మనిషి, ఏ క్షణాన ఫిట్సు వస్తుందో తెలియని మనిషి పన్నెండు మీటర్ల ఎత్తున ఉంటే అది సేఫ్టీ ఆఫీసర్ రిజిస్టరులో ఏ కాలమ్‌లోనూ కనబడదు. టూల్ బాక్స్ మీటింగులో హెల్మెట్ గురించి పది నిమిషాలు చెబుతాం. 'ఊళ్ళో రోజూ తాగేవాళ్ళెవరైనా ఉంటే పక్కకొచ్చి నాతో చెప్పండి, ఎవరికీ చెప్పను' అని అర నిమిషం చెప్పడానికి ఏం పోతుంది?

స్నేహితుడి పేరు పెట్టుకున్న సారా

సౌదీకి వచ్చాక మొదలెట్టేవాళ్ళ సంగతి వేరు. ఇక్కడ దొంగచాటుగా కాచే సారాను సిద్దీఖీ అంటారు. అరబ్బీలో 'నా స్నేహితుడు' అని అర్థం. పేరు పెట్టినవాడెవడో గానీ పెద్ద వెటకారగాడు. చక్కెర, ఈస్టు పులియబెట్టి విల్లాల్లో, తోటల్లో కాస్తారు. నీళ్ళ సీసాల్లో చేతులు మారుతుంది. అందులో ఏముందో కాచినవాడికే తెలియదు.

పెద్ద భయం మిథనాల్. పారిశ్రామిక స్పిరిటు కలిపినా, అత్తరు, కొలోన్ తాగినా వచ్చే విషం అదే కావచ్చు. మొదట మామూలు మత్తులాగే ఉంటుంది. సగం రోజు, ఒక రోజు గడిచాక కడుపునొప్పి, వాంతులు, కళ్ళ ముందు మంచు కురిసినట్టు మసక. ఆ మసక కనబడిందంటే ఇక గంటలే లెక్క. టైముకు విరుగుడు మందు ఇచ్చి, డయాలిసిస్ చేస్తే బతుకుతారు, చూపు కూడా దక్కవచ్చు. పక్కనే ఉన్న కువైట్‌లో 2025 ఆగస్టులో ఇలాంటి కల్తీ సారా తాగి 160 మంది ఆస్పత్రుల పాలయ్యారు. 23 మంది చనిపోయారని ఆ దేశ ఆరోగ్య శాఖే ప్రకటించింది. అందరూ ఆసియా దేశాల నుంచి పనికొచ్చినవాళ్ళే. చాలామంది చూపు పోగొట్టుకున్నారు. ఇలాంటి చోట పోలీసు భయంతో ఒక్క రాత్రి ఆగడమంటే కళ్ళు పోగొట్టుకోవడమే.

ఇక మాత్రలు. ట్రెయిలర్ డ్రైవర్లకు, రెండు షిఫ్టులు చేసేవాళ్ళకు 'నిద్ర రాదు, అలుపు రాదు' అని చెప్పి ఇచ్చే మాత్ర ఒకటుంది. దాని మీద రెండు నెలవంకల గుర్తు ఉంటుంది కాబట్టి అరబ్బులు 'అబూ హిలాలైన్' అంటారు. అసలు పేరు కాప్టగాన్. 1960లలో జర్మనీలో మందుగా తయారైంది, 1986లో ప్రపంచవ్యాప్తంగా నిషేధంలోకి వెళ్ళింది. ఇప్పుడు ఆ పేరుతో దొరికేది చాలావరకు యాంఫెటమిన్, కెఫీన్ లాంటివి కలిపిన దొంగ సరుకు. ఎంత వస్తోందంటే, 2022 ఆగస్టులో రియాద్ డ్రైపోర్టులో పిండి లోడులో దాచిన 4.7 కోట్ల దాకా మాత్రలు ఒకేసారి పట్టుకున్నారు. ఇది నిద్రను చంపుతుంది, ఆకలిని చంపుతుంది, ఒంటి వేడిని పెంచుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని నిషేధించారంటే వేడి ఎంత ప్రమాదమో ప్రభుత్వానికి తెలుసు. ఆ ఎండలో ఈ మాత్ర వేసుకుని పని చేసేవాడు తనకు వడదెబ్బ తగిలిన సంగతి కూడా గమనించడు. మానేశాక దీనివల్ల ఫిట్సు రాకపోవచ్చు గానీ రోజుల తరబడి నిద్ర, దిగులు, బతుకు మీద విరక్తి వస్తాయి. అలాంటి మనిషిని ఒంటరిగా గదిలో వదిలి డ్యూటీకి పోకూడదు.

దమ్మాంలో 'ఆశ' ఆస్పత్రి

దమ్మాం రియాద్, జెద్దా అంత పెద్ద నగరం కాదు. కానీ మత్తు చికిత్సలో దీనికి దాదాపు నలభై ఏళ్ళ చరిత్ర ఉంది. 1980ల రెండో సగంలో సౌదీ ప్రభుత్వం ఒకేసారి రెండు పనులు చేసింది. 1987లో డ్రగ్స్ రవాణా చేసేవాళ్ళకు మరణశిక్ష వేయవచ్చని పెద్ద ఉలేమాల మండలి తీర్మానించింది. అదే కాలంలో రియాద్, జెద్దా, దమ్మాంలలో మత్తుకు బానిసలైనవాళ్ళ కోసం ప్రత్యేకంగా ఆస్పత్రులు తెరిచారు. వాటికి పెట్టిన పేరు అల్ అమల్. అంటే ఆశ. తర్వాత ఖసీమ్‌లో కూడా వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో వీటిలో కొన్నిటికి 'ఇరాదా' అని పేరు మార్చారు. అంటే సంకల్పం. దమ్మాంలో ఇప్పుడు బోర్డు మీద కనబడేది ఈ ఇరాదానే. పాతకాపులు, టాక్సీవాళ్ళు ఇప్పటికీ అమల్ అంటేనే ఠక్కున చెబుతారు.

1986 నుంచి 2006 వరకు ఈ దమ్మాం ఆస్పత్రికి వచ్చిన పన్నెండు వేలకు పైగా రోగుల రికార్డులను ఇక్కడి డాక్టర్లే తిరగేసి 2008లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. మొదటి ఏళ్ళలో హెరాయిన్, నిద్రమాత్రల బాధితులు ఎక్కువ. పోను పోను అవి తగ్గి యాంఫెటమిన్, గంజాయి జాతి మత్తు పెరిగాయి. ఇరవై ఏళ్ళలో సరుకు మారింది గానీ వచ్చే మనుషులు తగ్గలేదు. నాకు ఇందులో ముఖ్యంగా కనబడింది ఒక్కటే. ఇంత కఠినమైన శిక్షలున్న దేశం కూడా దీన్ని జబ్బుగా లెక్కేసి రికార్డులు పెట్టుకుంది. మన క్యాంపుల్లోనే ఇంకా తాయెత్తులు కడుతున్నారు.

ఇలాంటి చోట చికిత్స రెండు మెట్లుగా ఉంటుంది. మొదటిది ఒంట్లో విషం దించడం, అంటే ఇంతకు ముందు చెప్పిన జాకీల పని. అది రోజుల్లో అయిపోతుంది. చాలామంది అక్కడితో నయమైందనుకుంటారు. అసలు పని రెండో మెట్టు. ఎందుకు తాగాడు, ఎవరితో తాగాడు, జీతం రోజున ఏం చేస్తాడు, మళ్ళీ కోరిక పుడితే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నవన్నీ కౌన్సెలర్‌తో కూర్చుని తేల్చుకోవాలి. మద్యానికి నాల్‌ట్రెక్సోన్ లాంటి మందులు కోరికను తగ్గిస్తాయి. ఆస్పత్రికీ ఇంటికీ మధ్య కొన్నాళ్ళు ఉండే వసతిని ఇక్కడ 'సగం దారి ఇల్లు' అంటారు. ఒకరి కష్టం ఒకరు చెప్పుకునే నార్కోటిక్స్ ఎనానిమస్ సమావేశాలు కూడా సౌదీలో నడుస్తున్నాయి. మళ్ళీ ఒకసారి జారినంత మాత్రాన చికిత్స దండగైనట్టు కాదు. షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు మందు ఆపితే మళ్ళీ పెరగదా? ఇదీ అంతే. ఒక్క జాగ్రత్త, హెరాయిన్ జాతి మత్తుకు అలవాటై కొన్నాళ్ళు మానినవాడు మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. ఆ మోతాదును తట్టుకునే శక్తి అప్పటికి ఒంట్లో ఉండదు.

చెబితే పట్టుకుంటారా?

అందరి భయం ఇదే. భయపడటంలో తప్పు లేదు. సౌదీలో డ్రగ్స్ చట్టం 2005లో వచ్చింది. రాజశాసనం నంబరు ఎం/39. వాడినందుకే ఆరు నెలల నుంచి రెండేళ్ళ జైలు. విదేశీయుడైతే శిక్ష అయ్యాక దేశం నుంచి పంపేస్తారు, హజ్, ఉమ్రాకు తప్ప మళ్ళీ రానివ్వరు. అమ్మకం, రవాణా అయితే మరణశిక్ష దాకా పోతుంది. మధ్యలో కొంతకాలం ఆగిన ఈ మరణశిక్షలు 2022 నవంబరులో మళ్ళీ మొదలయ్యాయి. 2024లో డ్రగ్స్ కేసుల్లోనే వందమందికి పైగా ఉరికంబం లాంటి ఆ శిక్షకు గురయ్యారు. వాళ్ళలో విదేశీయులు చాలామంది.

కానీ అదే చట్టంలో 42వ అధికరణం ఉంది. మత్తుకు బానిసైనవాడు తానంతట తాను గానీ, అతని బంధువులు గానీ చికిత్స కావాలని ముందుకొస్తే, వాడినందుకు కేసు పెట్టరు. దగ్గర సరుకు ఉంటే అప్పగించాలి, లేదా ఎక్కడుందో చెప్పాలి. పట్టుబడ్డాక అడిగితే ఇది వర్తించదు, ముందే అడగాలి. మన దేశంలోనూ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షన్ దాదాపు ఇదే చెబుతుంది.

ఇక్కడ మూడు సంగతులు విడివిడిగా చూసుకోవాలి. ఒకటి, ఈ రక్షణ క్రిమినల్ కేసు నుంచే. ఉద్యోగం ఉంటుందని ఆ అధికరణం హామీ ఇవ్వదు. కంపెనీ ఏం చేస్తుందన్నది కంపెనీని బట్టే. రెండు, ఆ చట్టం డ్రగ్స్‌కు సంబంధించింది. మద్యం దాని కిందికి రాదు. సిద్దీఖీ తాగి దొరికితే జైలు, జరిమానా, డిపోర్టేషన్ వేరే దారిలో ఉన్నాయి. 2020లో కొరడా దెబ్బల స్థానంలో జైలు, జరిమానా వేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది గానీ నేరం నేరంగానే ఉంది. అయినా మిథనాల్ తాగినవాడి విషయంలో ఈ లెక్కలు వేసుకుంటూ కూర్చోవడానికి టైము లేదు. మూడోది మన కొత్తవాళ్ళకు ముఖ్యం. వాళ్ళు కల్లు తాగింది ఊళ్ళో. ఇక్కడ తాగలేదు, వాళ్ళ దగ్గర ఏమీ లేదు. ఆపేసినందుకే జబ్బు పడ్డారు. డాక్టరుకు నిజం చెప్పడానికి భయపడాల్సిన పనే లేదు. దాచిపెడితేనే నష్టం. డాక్టరు మెదడువాపు అనుకుని వేరే పరీక్షలు రాస్తాడు, ఈలోగా విలువైన రోజు పోతుంది.

ఇన్సూరెన్సు సంగతి కూడా తెలుసుకోండి. మద్యం, మత్తు వల్ల వచ్చే జబ్బులను మినహాయింపుల జాబితాలో పెట్టడం ఇక్కడి పాలసీల్లో మామూలే. కార్డు ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. ప్రాణం మీదికొచ్చినప్పుడు మాత్రం ముందు ఎమర్జెన్సీ, తర్వాతే బిల్లు. అంబులెన్సుకు రెడ్ క్రెసెంట్ 997. ఆరోగ్య శాఖ సలహా కోసం 937. మత్తు అలవాటు గురించి గోప్యంగా మాట్లాడటానికి 1955. అరబ్బీ వచ్చిన మనిషిని పక్కన పెట్టుకుని చేస్తే మేలు.

ఊరి నుంచి బయల్దేరేటప్పుడే

సగం సమస్య ఊళ్ళోనే తీరాలి. వీసా స్టాంపింగ్ అయిందని తెలిసిన రోజే కల్లు దుకాణం మానేస్తానని శపథం పట్టొద్దు. రోజూ తాగేవాడు శపథం పట్టి మర్నాడే ఆపేస్తే అదే ఫిట్సు ఊళ్ళో వస్తాయి. జిల్లా ప్రభుత్వ ఆస్పత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. నిజామాబాద్ లాంటి చోట్ల డాక్టర్లకు కల్లు రోగులు కొత్త కాదు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ఉంది, ఉత్తరాంధ్రవాళ్ళకు విశాఖ మానసిక వైద్యశాల ఉంది. ఫోన్‌లో అడగాలంటే ఇండియాలో మత్తు విముక్తికి 14446, మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. మీరు సౌదీలో ఉండి ఇంట్లో తమ్ముడో బావమరిదో వీసా కోసం ఎదురుచూస్తుంటే ఈ నంబర్లు వాట్సాప్‌లో పంపండి.

మందు తగ్గిస్తూ ఆపడానికి వారాలు పడుతుంది. అందుకే కనీసం నెల రోజుల ముందు మొదలెట్టాలి. ఆ మాత్రలు జేబులో వేసుకుని విమానం ఎక్కడం కుదరదు. అల్ప్రాజోలం, డైజీపామ్, ట్రమడాల్ లాంటివి సౌదీలో నియంత్రణలో ఉన్న మందులు. తప్పనిసరిగా తేవాలంటే డాక్టరు చీటీ, రిపోర్టులతో పాటు సౌదీ ఫుడ్ అండ్ డ్రగ్ అథారిటీ అనుమతి ముందే తీసుకోవాలి. కోడైన్ ఉన్న దగ్గు మందూ అంతే. మసాలా డబ్బాలో గసగసాలు కూడా పెట్టకండి, అవి ఇక్కడ నిషేధం. ఎవరో ఇచ్చిన ప్యాకెట్టు మాట చెప్పక్కర్లేదు. 2019లో ముంబై నుంచి దోహాకు వెళ్ళిన ఒక జంట, బంధువు ఇచ్చిన సంచిలో గంజాయి సరుకు ఉండటంతో పదేళ్ళ శిక్ష పడి జైల్లో ఉన్నారు. నిర్దోషులని తేలి బయటికి రావడానికి 2021 అయింది. బిడ్డ జైల్లోనే పుట్టింది.

సెలవు మీద వెళ్ళినప్పుడు ఇంట్లోవాళ్ళు చేసే పని ఒకటుంది. 'మందు మాన్పించే మాత్ర' అని తెచ్చి తెలియకుండా కూరలో కలుపుతారు. అది డైసల్ఫిరామ్ అయితే, ఆ మనిషి పైన మద్యం తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మనిషికి చెప్పి, అతను ఒప్పుకుని, డాక్టరు రాస్తేనే అది మందు. గొలుసులతో కట్టేసి మాన్పిస్తామనే ప్రైవేటు కేంద్రాల జోలికి పోకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మనిషిని గొలుసులతో కట్టడం నేరం. చికిత్స దొరకడమే అసలు అరుదు. 2019లో ఎయిమ్స్ వాళ్ళు కేంద్రానికి ఇచ్చిన సర్వేలో తేలిందేమిటంటే, దేశంలో మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

క్యాంపులో ఎవరికైనా ఈ లక్షణాలు కనబడితే ముందు చేయాల్సినవి. గది నుంచి కత్తులు, పనిముట్లు తీసేయండి. లైటు వెలిగించి ఉంచండి, చీకట్లో భ్రమలు పెరుగుతాయి. కట్టేయొద్దు, కొట్టొద్దు, ఒంటరిగా వదలొద్దు. ఫిట్సు వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా, చేతిలో ఇనుప ముక్క పెట్టొద్దు. ఆస్పత్రికి బయల్దేరేటప్పుడు ఇఖామా లేదా పాస్‌పోర్టు కాపీతో పాటు ఒక కాగితం రాసి పట్టుకెళ్ళండి. హిందీలోనో ఇంగ్లీషులోనో పర్వాలేదు. ఏం తాగేవాడు, రోజుకెంత, ఎన్నేళ్ళుగా, మాత్రలేమైనా వేసుకున్నాడా, ఫిట్సు ఎన్నిసార్లు వచ్చాయి. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో, చివరిసారి తాగిన తేదీ, టైము. డ్యూటీ డాక్టరు మొదట వెతికేది దానికోసమే.